తలల్లేని బొమ్మ

"చేత్తోనే వేస్తుందా?" అంది మా వదిన, నిరాశగా.

వదినంటే మా ఆయన అక్క. మా పై అంతస్తులోనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంఘానికి ప్రెసిడెంటు కూడా కావడంతో మా ఇంట్లో ఆవిడ మాటకు బరువెక్కువ. కింది అంతస్తులో అద్దెకు దిగినావిడ చక్రాల కుర్చీలో తిరుగుతుందనీ, బొమ్మలు వేస్తుందనీ తెలియగానే సన్మానం చెయ్యాలని తీర్మానించేసింది. కాళ్లు పనిచెయ్యకపోతే కుంచెను నోటితో పట్టుకుంటారని ఎందుకనుకుందో తెలియదు. టీవీలో అలాంటివాళ్లను ఎవరినో చూసిందట.

"నోటితోనో కాలితోనో వేస్తే గొప్ప గానీ, చేత్తో వేస్తే అందులో ఏముందే? చేత్తో అందరూ వేస్తారు."

"మీరూ నేనూ వెయ్యలేం కదా వదినా?"

"మనం ఎప్పుడైనా ప్రయత్నించామా?"

సన్మానం కబురు చెప్పడానికి వదిన, సెక్రటరీ, నేను కలిసి వెళ్లాం. సెక్రటరీ అంటే నాలుగో అంతస్తాయన. భవనంలో ఉన్న తాళాలన్నీ నడుముకి వేలాడేసుకుని గలగలమని తిరుగుతుంటాడు.

ఆ గదిలో సోఫా లేదు. కుర్చీ తిరగడానికి వీలుగా సామానంతా గోడలకు జరిపేశారు. కాఫీ సీసాల్లో కుంచెలు, తలుపు గొళ్లేనికి రంగులు తుడిచిన పాత చొక్కాలు. చోటు దొరక్క నేను ఆవిడ కుర్చీ వెనకాల నిలబడ్డాను. అదే పొరపాటైపోయింది.

"ఈవిడకి ఎప్పట్నుంచి ఇలా?" అని వదిన నన్నడిగింది.

నేనూ అప్పుడే కదా వచ్చింది, నాకేం తెలుసు?

"పుట్టినప్పటి నుంచీ అయ్యుంటుంది" అన్నాడు సెక్రటరీ, ఆయనా నాకేసే చూస్తూ.

"నన్నడగండి, నాకు నోరుంది" అంది ఆవిడ.

"అయ్యో, ఉంది, ఉంది!" అని వదిన గట్టిగా అరిచింది, చెవులు కూడా వినబడవేమోనన్నట్టు.

ఆవిడ నవ్వింది. నలభై ఏళ్లుంటాయి. సన్మానం వద్దంది. "అలాంటివి అయ్యాయండీ. పేపర్లో నా కుర్చీ చాలా బాగా పడింది. బొమ్మ పడలేదు. మీరు ఏదైనా ఇవ్వాలనుకుంటే లిఫ్టు ఎదురు గోడ ఇవ్వండి. ఒక బొమ్మ పెడతాను. కింద నా పేరొద్దు, నా కథ అసలే వద్దు. లిఫ్టు కోసం ఆగినవాళ్లు ఒక్కసారైనా ఉత్త బొమ్మను చూడాలి. నాకంతే చాలు."

గోడకు ఖర్చు లేదు కాబట్టి వదిన వెంటనే ఒప్పుకుంది. గుమ్మం దాటుతూ నాతో అంది: "పంజరం తలుపు తీసుకుని పిట్ట ఎగిరిపోతున్నట్టు వెయ్యమను. చూసేవాళ్లకు ధైర్యం వస్తుంది." మాట పూర్తయ్యేసరికి ఆవిడ మా పక్కనే ఉంది, తలుపు వేసుకోవడానికి వచ్చి.

ఆ తర్వాత నేను తరచూ వెళ్లాను. మొదట జాలితోనే అనుకుంటా. రెండో వారానికల్లా జాలి పోయి సరదా మిగిలింది, ఎందుకంటే మా భవనంలో అంత బాగా మనుషుల్ని ఎగతాళి చేసేవాళ్లు ఇంకొకరు లేరు. గేటు దగ్గరి ఎత్తు ఎక్కేటప్పుడు కుర్చీ తోసేదాన్ని. అంతకుమించి తొయ్యనిచ్చేది కాదు. "చాలక్కా, ఇంక వదిలెయ్యి, నా బండికి బ్రేకులున్నాయి" అనేది.

పెద్ద బొమ్మలో పైసగానికి చెయ్యందేది కాదు. అందుకని బొమ్మనే తలకిందులుగా తిప్పి పెట్టుకుని వేసేది. నాకు ఎప్పుడూ తలకిందుల బొమ్మే కనిపించేది. ఏవో గుండ్రాలు, పట్టీలు, మడతలు.

"ఇవేంటి, గుమ్మడికాయలా?" అన్నానొకరోజు.

"ఆ మాట వాళ్లముందు అనకు" అంది.

బొమ్మ పెట్టే రోజు వచ్చింది. మేకు కొట్టేవాడు తన కళ్లెత్తున గుర్తు పెట్టుకున్నాడు. ఆవిడ కిందికి, ఇంకా కిందికి అని తన కళ్లెత్తుకి దింపించింది. "అంత కిందికైతే వంగి చూడాలి కదమ్మా" అన్నాడు సెక్రటరీ. "చూడండి, ఏం పోయింది?" అంది. వదిన చప్పట్ల మధ్య బొమ్మ మీది గుడ్డ లాగింది.

చప్పట్లు ఆగిపోయాయి.

లిఫ్టు కోసం ఎదురుచూస్తున్న ఎనిమిది మంది. భుజాల దగ్గర్నుంచి మోకాళ్ల దాకానే ఉన్నారు. పొట్టలు, సంచులు, చేతులు. ఒకాయన చొక్కా గుండీల మధ్య నుంచి బనీను తొంగిచూస్తోంది. ఒక నడుముకి తాళాలగుత్తి. ఎవరూ తమను తాము ముందు గుర్తుపట్టలేదు, పక్కవాళ్లను క్షణంలో పట్టేశారు. "అదిగో, నాలుగో అంతస్తు పొట్ట!" అని ఎవరో అనగానే నవ్వులు గుప్పుమన్నాయి.

వదిన నవ్వలేదు. ఆ నల్ల హ్యాండ్‌బ్యాగూ, వేలికి బిగుసుకుపోయిన ఉంగరమూ తనవేనని తెలిసిపోయింది.

"మా తలలేవి?" అంది.

ఈసారి నన్ను కాదు, ఆవిడనే అడిగింది.

"మీ తలలు నాతో మాట్లాడవండీ" అంది ఆవిడ మర్యాదగానే. "నా మీదుగా నా వెనకాలవాళ్లతో మాట్లాడతాయి. నా ముందుండేవి ఇవే. ఉన్నవే వేశాను."

"ఆదివారం తీసేస్తున్నాం" అని వదిన మెట్ల వైపు వెళ్లిపోయింది, లిఫ్టు ఉండగానే.

బొమ్మ వేసినావిడ ముఖం పాలిపోవడం నేను మొదటిసారి చూశాను. ఎగతాళి ఏమీ చెయ్యలేదు. "నాలుగు రోజులైనా చూస్తార్లే అక్కా" అని మాత్రం అంది.

శనివారం లిఫ్టు పాడైంది. బజారు నుంచి నాతో వచ్చిన వదిన మెట్లకేసి చూసి, వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. ఎదురుగా, సరిగ్గా కళ్లెత్తున, బొమ్మ. చూడకుండా ఉండటానికి కాసేపు పర్సు సర్దుకుంది. ఆ తర్వాత సర్దడం మానేసింది.

"ఏమే" అంది. "ఆ చెయ్యి చూశావా?"

హ్యాండ్‌బ్యాగు పట్టుకున్న చెయ్యి కాదు. రెండోది. అరచెయ్యి గోడకు గట్టిగా ఆనించి ఉంది, వేళ్ల కొసలు తెల్లబడేంతగా. ఊరికే ఆనించిన చెయ్యి కాదు, ఒంటి బరువంతా దానిమీదే ఉంది.

"మోకాళ్ల నొప్పని నీకు కూడా చెప్పలేదు నేను. చేతికర్ర కొంటానంటాడని తమ్ముడికీ చెప్పలేదు. ఇదెప్పుడు చూసింది?"

నేను జవాబు చెప్పేలోపు పార్శిల్ కుర్రాడు వచ్చాడు. చీటీ మీద వదిన పేరు చదివాడు. కుర్చీలో ఉన్నావిడను చూశాడు, ఆవిడ పక్కన నిలబడ్డ నన్ను చూశాడు.

"ఈవిడదేనా మేడమ్?" అని నన్నడిగాడు, గొంతు తగ్గించి. "సంతకం పెట్టగలరా పాపం?"

"నన్నడగవయ్యా!" వదిన గొంతు మూడో అంతస్తు దాకా వినిపించి ఉంటుంది. "నాకు నోరుంది!"

కుర్రాడు పార్శిల్ ఒళ్లో పెట్టి పరుగే. వదిన నాకేసి చూడలేదు. బొమ్మకేసీ చూడలేదు. సంతకానికని పెన్ను తీసి, పెట్టాల్సిన కాగితం లేదని గుర్తొచ్చి, మళ్లీ లోపల పెట్టుకుంది.

ఆదివారం ఎవరూ మేకు జోలికి వెళ్లలేదు. సెక్రటరీ ఇప్పుడు చుట్టాలొస్తే ఎడమ నుంచి మూడో పొట్ట తనదని వంగి మరీ చూపిస్తున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ అక్కడే ఉండాలని వదిన ఉత్తర్వు. వాచ్‌మన్ కోసం వేరేది కొనిపించింది.

ఆ ఆదివారం సాయంత్రమే కబురు చెప్పడానికి కిందికి పరిగెత్తాను. ఆవిడ కుంచె కడుగుతోంది.

"తీసెయ్యటం లేదు!"

"సరే. బొమ్మ గురించి ఏమన్నారు?"

నసిగాను. "చెయ్యి మరీ లావుగా వేశావంది వదిన. ఉంగరం కూడా వంకరగా ఉందట."

ఆవిడ కుంచె వదిలేసి నాకేసి తిరిగింది. ముఖమంతా వెలిగిపోతోంది.

"ఉంగరం వంకరేం కాదక్కా" అంది. "పద, ఇప్పుడే వెళ్లి పోట్లాడదాం."