తోక చివరి పందొమ్మిది నక్షత్రాలు

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కిన దీప కాజీపేట వచ్చేదాకా ఫోన్‌లోంచి తలెత్తలేదు. మూడేళ్లుగా తానూ భానుచందర్ సారూ పని చేస్తున్న నక్షత్రధారను ఏదో విదేశీ బృందం ముందే ప్రకటించేసింది.

పెద్ద గెలాక్సీ ఒక చిన్న గెలాక్సీని లాక్కుని చీల్చేస్తే, చిన్నదాని నక్షత్రాలు సన్నటి ధారగా సాగి మిగులుతాయి. మన పాలపుంత చుట్టూ అలాంటివి ఎన్నో. హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే భానుచందర్, తన పాత విద్యార్థిని దీపను తోడు తీసుకుని, అందరికీ ఉచితంగా దొరికే ఉపగ్రహ సమాచారంలోనే కొత్తదాన్ని పట్టుకున్నాడు. వేసవిలోనే పరిశోధన పత్రికకు వ్యాసం పంపుదామన్నాడు. "ఇంకొక్కసారి చూద్దాం సార్, తప్పుంటే నవ్వుతరు" అని ఆపింది దీపే. ఆ తర్వాత ఆయన కాలేయం చెడిపోయి మంచాన పడ్డాడు.

మధ్యాహ్నం దవాఖానకు వెళ్లింది. సార్ కళ్లు పచ్చబడి ఉన్నాయి.

"ఏంది బిడ్డా, గట్లున్నవ్?"

చెప్పకూడదనే వచ్చింది. నోరాగలేదు. "బయటి దేశపోళ్లు పేపర్ పెట్టేసిండ్రు సార్. మన ధారే."

ఆయన తల ఆమె వైపు తిప్పాడు. "పేరేం పెట్టిండ్రు?"

"వాళ్ల దిక్కు నది పేరు సార్."

"మనం మన మున్నేరు పేరు అనుకుంటిమి గదా."

"నా వల్లనే సార్. నేను ఆపకపోతే..."

అట్లనకు అంటాడని ఎదురుచూసింది. అనలేదు. గోడవైపు తిరిగి, "రైలు టైమైతాంది, పో" అన్నాడు.

ఆయన భార్య రమ వరండాదాకా వచ్చింది. "నీ మీద కోపం లేదు చెల్లె, ఫికర్ చేయకు." దీపకు నమ్మకం కుదరలేదు.

రెండు రోజులకు ఆయనే ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది. "వాళ్ల లిస్టుల తోక దిక్కు చుక్కలున్నయా? జర చూడు."

ఆదివారమంతా కూర్చుని రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ధార తోక చివర సార్ ఒక్కొక్కటిగా ఏరిన పందొమ్మిది నక్షత్రాలు వాళ్లకు దొరకలేదు. వెంటనే ఫోన్ చేస్తే రమ ఎత్తింది.

"పొద్దటి నుంచి సోయిల లేడు చెల్లె."

ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. గురువారం పోయాడు.

దినాలయ్యాక దీప ఆ పందొమ్మిదింటి మీద నాలుగు పేజీల వ్యాసం రాసింది. మొదటి పేరు సార్‌ది. పత్రిక ఫారంలో ఆయన పేరుకెదురుగా 'మరణించారు' అని ఒక గడి ఉంది. చెయ్యి రాక రమకు ఫోన్ చేసింది.

"అక్కా, సార్ పోయిండని టిక్కు పెట్టనా?"

"పెట్టు. అబద్ధమైతే కాదు గదా."

నెలకు జవాబొచ్చింది. ఈ నక్షత్రాలను ఏ లెక్కన ఎంచుకున్నారో వివరించమన్నారు. దీప సార్ నోట్‌బుక్కులన్నీ తిరగేసింది. నక్షత్రాల నంబర్లున్నాయి, కారణం ఎక్కడా లేదు. ఆయన కంటికి ఏం కనిపించిందో ఎవరినీ అడగడానికి లేదు.

గడువు రెండు నెలలు. దీప కొత్త పేజీ తీసి మొదటి నక్షత్రం నంబరు వేసి, పక్కన 'ఎందుకు?' అని రాసుకుంది.