మిసెస్ వర్జిల్ స్లోన్

ఆదివారం భోజనాలయ్యాక ఎవరెంత తిన్నారో గిన్నెలు తోమేవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజు అత్తగారి పళ్లెంలో కేకు ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. రోండా దాన్ని పారెయ్యలేక, చూస్తూ ఉండనూ లేక, కిటికీ అంచున పెట్టి వేణ్ణీళ్ల కుళాయి తిప్పింది. ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో ఆమె మాట నెగ్గింది ఆ రోజే. నెగ్గిన మాట నాలుక మీద ఇంకా చేదుగానే ఉంది.

బడి వంటశాలలో పిల్లలకి వడ్డించే రోండాకి ఎప్పటికైనా తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పాలని కోరిక. అందుకు కాలేజీలో అమెరికా చరిత్ర గట్టెక్కాలి. ఒకసారి తప్పింది. "ఎప్పుడో చచ్చినోళ్ల సంగతి నీకెందుకే, బతికున్నోడి చొక్కాలు ఇస్త్రీ లేక ఏడుస్తుంటే" అన్నాడు మొగుడు డ్వైట్. ఈసారీ తప్పితే మళ్లీ వెళతానని అడగడానికి మొహం చెల్లదు. చివరి వ్యాసం మంగళవారం ఇవ్వాలి. మీ ఊళ్లో ఒక ఆడమనిషి రాసిన పాత కాగితం ఏదైనా తీసుకుని, దాని వెనకున్న బతుకు రాయమన్నారు.

రోండా తమ చర్చి ఆడవాళ్లు 1956లో అచ్చు వేయించిన వంటల పుస్తకం తీసుకుంది. అందులో ఎండు ఆపిల్ పొరల కేకు, దాని కింద, పెళ్లయినావిడకి మొగుడి పేరే రాసే అక్కడి ఆనవాయితీ ప్రకారం, మిసెస్ వర్జిల్ స్లోన్ అని పేరు. అది అత్తగారు ఇమోజిన్ కేకు. ఏటా చర్చి ఉమ్మడి భోజనాల్లో ముందు ఖాళీ అయ్యేది ఆ పళ్లెమేనని ఆ కెంటకీ లోయలో అందరూ ఎరుగుదురు. అత్తగారి మీద ముందుగా నాలుగు పేజీలు చిత్తు రాసిస్తే, ప్రొఫెసరమ్మ ఎర్రసిరాతో ఒక్క ప్రశ్న రాసి తిప్పి ఇచ్చింది. "మీ అత్తగారి పెళ్లి 1958లో అని మీరే రాశారు. మరి ఈ మిసెస్ వర్జిల్ స్లోన్ ఎవరు?"

పోయిన మామగారు వర్జిల్‌కి ఇమోజిన్ రెండో పెళ్లామని రోండాకి తెలుసు. చనిపోయిన మొదటావిడ పేరు మాత్రం తెలియదు. ఇరవై ఏళ్లలో అడగాలని కూడా తోచలేదు.

అత్తగారు ఒంటరిగా దొరికినప్పుడు అడుగుదామనే అనుకుంది. ఈలోపు ఈ మధ్యాహ్నం, ఆడబిడ్డలిద్దరి ముందూ ఇమోజిన్ కేకు కోస్తూ, "మా కోడలు చేస్తే పొరలు దాని చరిత్ర పుస్తకం అట్టల్లా ఉంటాయర్రా. ఎంత చదివినా చెయ్యి తిరగాలిగా!" అంది. అందరూ నవ్వారు. డ్వైట్ మరీ బల్ల చరిచి నవ్వాడు.

"ఇది మీ చెయ్యి కాదుగా అత్తయ్యా" అంది రోండా. "మీరీ ఇంట్లో అడుగు పెట్టకముందే అచ్చయింది. చచ్చిపోయినావిడ కేకు చేసి నలభై అయిదేళ్లుగా మెప్పు కొట్టేస్తున్నారు."

ఇమోజిన్ కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుని పెరటి అరుగు మీదికి వెళ్లిపోయింది.

"కాలేజీలో నేర్పేది ఇదా? మా అమ్మని దొంగని చెయ్యడమా?" అన్నాడు డ్వైట్. ఆడబిడ్డలు కోట్లు తొడుక్కున్నారు.

ఇప్పుడు నురగలో చేతులు పెట్టుకుని రోండా సిగ్గుతో చచ్చిపోతోంది. ముసలామె ముఖం అలా వాడిపోవడం తనకి ఒక్క క్షణం ఎంత తియ్యగా ఉందో! కేకు పళ్లెం బోర్లించింది. అడుగున అంటించిన కాగితప్పట్టీ మీద, చర్చి నుంచి పళ్లెం తిరిగి రావడానికి రాసిన పేరు ఉంది. మిసెస్ డ్వైట్ స్లోన్. రాసింది తన చెయ్యే.

వెనకనుంచి ఎవరో తుడిచే గుడ్డ అందుకున్నారు. ఇమోజిన్.

"ఓపల్" అంది, పళ్లెం తుడుస్తూ. "ఆమె పేరు ఓపల్. నేనొచ్చేసరికి ఆమె ఏప్రను మేకుకే వేలాడుతోంది. మీ మామ, 'కట్టుకో, నీకు సరిపోద్ది' అన్నాడు. పిండి డబ్బాలో చీటీ దొరికితే చూసి చేశా. చర్చిలో ఎవరో, 'ఎప్పట్లాగే అదిరింది, మిసెస్ వర్జిల్' అన్నారు. ఇరవై ఏళ్ల పిల్లని. థాంక్స్ అని ఊరుకున్నా. ఆ ఒక్క థాంక్స్ ఎలా వెనక్కి తీసుకోవాలో మళ్లీ తెలీలేదే అమ్మాయ్."

"అత్తయ్యా, నేను అందరి ముందూ..."

"అన్నావులే. నేను మాత్రం నిన్ను చాటుగా అన్నానా?"

జేబులోంచి ఇమోజిన్ ఆ చీటీ తీసింది. నూనె మరకలతో గోధుమరంగుకి తిరిగిన కాగితం. అడుగున వంకర అక్షరాలతో ఒక వాక్యం: రెండు రోజులు ముట్టకూడదు, ఆగితేనే పొరలు మెత్తబడతాయి.

"రాసుకుంటావా?"

"మీరు రాయొద్దంటే రాయను. తప్పితే తప్పుతాను."

ఇమోజిన్ చాలాసేపు గిన్నెలు తుడిచింది. తర్వాత చీటీని తడి తగలని చోట, రొట్టెల డబ్బా మీద పెట్టి, కిటికీ అంచునున్న కేకు ముక్క తీసుకుని అరుగు మీదికి వెళ్లిపోయింది.

రోండా చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. పాత నాలుగు పేజీలూ పక్కకి పెట్టి, తెల్లకాగితం మీద మొదటి వాక్యం రాసింది: "ఈ కేకు ఓపల్‌ది, ఎవరిదని అడగడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, అడిగిన రోజున కూడా ఆమె కోసం అడగలేదు."