గేటు దాటని సిగ్నల్

ఎండ వాలే వేళకు టాబ్లెట్‌కు జబ్బు చేసేది. పొద్దుటంతా బాగానే ఉండేది. ఒమెనా చేపలు ఆరబోసిన వలల పక్కన కూర్చుని అవుయోర్ కిసుము పట్నం వ్యాపారులకు ఫోటోలు పంపేది, వాళ్లు బేరమాడితే తానూ బేరమాడేది. వెలుగు పసుపు రంగుకు తిరిగేసరికి మాత్రం తెర మీద వైఫై గుర్తు ఒకసారి వణికి, పక్కన “ఇంటర్నెట్ లేదు” అన్న మాట వచ్చి కూర్చునేది. అంతే, ఇక ఏ కబురూ వచ్చేది కాదు, పోయేది కాదు. ఒకరోజు చేపల లారీ రేవుకు వచ్చి, హారన్ కొట్టి కొట్టి, ఈమె సరుకు లేకుండానే వెళ్లిపోయింది.

“నీ టాబ్లెట్‌కు మధ్యాహ్నం కునుకు అలవాటైంది వదినా. అచ్చం మా అన్న పోలికే,” అన్నాడు ఒవీతీ.

అని నాలుక కరుచుకున్నాడు. ఒవీతీ ఆమె మరిది. రేవులో అతనికొక కొట్టుంది. కప్పు మీద డిష్ బిగించి చుట్టుపక్కల ఇళ్లకు వైఫై ఇస్తాడు, పాడైన ఫోన్లు విప్పుతాడు, కొన్నిటిని తిరిగి బిగిస్తాడు కూడా. నోరు కాస్త ముందు పరిగెత్తే మనిషి.

అవుయోర్ వల మీది చేపలు తిరగేసింది. ఆమె భర్త ఒగాల వానలు మొదలైన రోజుల్లో పడవకు దీపాలు కట్టుకుని రాత్రి సరస్సు మీద ఒమెనా వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, బోర్లా పడి. దీపాలూ దొరికాయి. మనిషి దొరకలేదు. శవం దొరకలేదని మనిషిని నీళ్లకు వదిలేసి ఊరుకోరు కదా. శవానికి బదులుగా యాగో చెట్టు నుంచి పెద్ద కాయ ఒకటి కోసి తెచ్చి, ఒగాల దుప్పటిలో చుట్టి, ఇంటి పక్కన గొయ్యి తీసి, అతని పేరు పిలిచి పూడ్చారు. ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. అవుయోర్‌కు ఏడుపు రాలేదు. కాయను చూసి ఎలా ఏడవాలో ఆమెకు తెలియలేదు. వేటకు వెళ్లిన సాయంత్రం అతను గేటు దాటుతుంటే ఆమె వీపు తిప్పి చేపలు తిరగేస్తోంది. వెళ్లొస్తానన్నాడో లేదో కూడా చెవిన పడలేదు. ఒక్కసారి అతను ఎక్కడున్నాడో తెలిస్తే చాలు, ఎదురుగా నిలబడి సాగనంపితే చాలు, మరేమీ అక్కర్లేదనుకునేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఒవీతీ తన విద్యంతా చూపించాడు. కొట్టులో రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. పాస్‌వర్డ్ మార్చాడు. టాబ్లెట్‌లో తారీఖు, గంట సరిగా ఉన్నాయో లేదో చూశాడు. ఆపి, వేసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

“అదేమన్నా కొబ్బరికాయా, ఊపడానికి?” అంది అవుయోర్.

“నీళ్లున్నాయేమో చూస్తున్నా. చేపల తడి చేతులతో ముట్టుకుంటావు, మళ్లీ నన్నంటావు. అందరిళ్లలోనూ వైఫై పరిగెడుతోంది. నీ ఇంట్లోనే కుంటుతోంది. లోపం నా దగ్గర లేదు తల్లీ.”

“మీ ఇంట్లో లోపమెప్పుడూ కోడలి దగ్గరే ఉంటుందిలే.”

చివరికి అతను చూరు కింద ముక్కాలిపీట వేసుకుని, టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని, జబ్బు వచ్చే వేళ కోసం కాపు కాశాడు. ఎండ వాలింది. అతని ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

“వదినా, ఇది తెగిపోవడం లేదు. నన్నొదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటోంది.”

“ఇంకోదాన్నంటే?”

ఒవీతీ తెర ఆమె వైపు తిప్పాడు. తన కొట్టు పేరు కిందికి జారిపోయి ఉంది. దాని పైన, నిండు గీతలతో, మరో పేరు. గెమ్ వారి అల్లుడు.

అది ఒగాల ఫోన్ పేరు. గెమ్ అవుయోర్ పుట్టింటివాళ్ల ఊరు. పెళ్లయిన కొత్తలో ఆమెను ఉడికించడానికి తన ఫోన్ హాట్‌స్పాట్‌కు ఆ పేరు పెట్టుకున్నాడు. అతను ఇంటికి రాగానే టాబ్లెట్ తనంతట తానే ఆ ఫోన్‌ను పట్టుకునేది. మనిషి ఇంకా గేటు దగ్గరుండగానే ఇక్కడ గుర్తు మారేది. అది చూసి ఆమె కుయోన్ సంకటి కుండ పొయ్యి మీదికి ఎక్కించేది.

ఆ ఫోన్ వేటకు వెళ్లిన రోజు ప్లాస్టిక్ సంచిలో ఒగాల మెడకు కట్టి ఉంది. అతనితోపాటే నీళ్లలోకి వెళ్లింది.

“ఎవడో దొంగ,” అన్నాడు ఒవీతీ గట్టిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. “ఒడ్డుకు కొట్టుకొచ్చినదాన్ని ఎవడో ఏరుకున్నాడు. జేబులో పెట్టుకుని మన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. వాడి పళ్లు రాలగొడతాను. లే, గీతలు చూసుకుంటూ నడుద్దాం.”

ఇద్దరూ బయల్దేరారు. ఇంట్లో గీతలు సన్నగిల్లాయి. కాయ పూడ్చిన మట్టిదిబ్బ దగ్గర దాదాపు లేవు. కోళ్లగూడు దగ్గర కాస్త లేచాయి. గేటు వైపు నడుస్తుంటే ఒక్కొక్కటే నిండాయి. రెండు జెముడు గుబుర్ల మధ్య, తలుపు లేని ఆ గేటు నోట్లో నిలబడేసరికి మొత్తం నిండాయి. టాబ్లెట్ వీపు చల్లబడింది, నీళ్లలోంచి తీసిన రాయిలా.

గేటులో ఎవరూ లేరు. బయట దారి మీద ఎవరూ లేరు. ఒవీతీ దారిలోకి వెళ్లి చూశాడు. రెండడుగులు వేయగానే గీతలు పడిపోయాయి. వెనక్కి వచ్చాడు, నిండాయి. పొదల్లో కర్రతో పొడిచాడు. మట్టి తవ్వి చూశాడు. ఏమీ లేదు.

“గేటులోనే ఉంది వదినా,” అన్నాడు గొంతు తగ్గించి. “లోపలికీ రావడం లేదు, బయటికీ పోవడం లేదు.”

వీళ్ల గొడవ విని అత్త బయటికి వచ్చింది. ఊరంతా ఆవిడను ఒగాల తల్లి అనే పిలుస్తుంది. కొడుకు పోయాక కూడా ఎవరూ ఆ పిలుపు మార్చలేదు. కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఖాళీ గేటుకు ఎదురుగా ఆగి, చాలాసేపు చూసింది.

“కాయను ఎటునుంచి తెచ్చారురా?” అని అడిగింది ఒవీతీని.

“ఎటునుంచేమిటి? గేటులోంచే. వాన దంచి కొడుతోంది, గుర్తులేదా? అందరూ తొందర తొందర అన్నారు. భుజాన వేసుకుని వచ్చేశా.”

“అడ్డగాడిదా! ఇంటి బయట, నీళ్లలో పోయినవాణ్ణి గేటులోంచి తెస్తారా ఎక్కడైనా? బతికున్నవాళ్లు నడిచే దారిరా అది. జెముడు కంచె కోసి, కొత్త దారి చేసి తేవాలి. మీ తాత దగ్గర ఇది కూడా నేర్చుకోలేదూ?”

“తాత నాకు వల అల్లడం నేర్పాడు. కాయలు మొయ్యడం నేర్పలేదు.”

“నోర్ముయ్.” ఆవిడ కర్ర నేలకు కొట్టింది. “కాయ లోపలికి వచ్చింది. దాని వెనకే వాడూ వచ్చాడు. చచ్చినవాడికి గేటు దారివ్వదు. అక్కడే నిలబడిపోయాడు. రోజూ తాను వేటకు బయల్దేరిన వేళకే వచ్చి నిలబడుతున్నాడు. గెమ్ పిల్లా, రేపు పొద్దున్నే కంచె కోయించు.”

అవుయోర్ ఊఁ అంది.

కానీ కోయించలేదు. తెల్లారాక, ఒవీతీ కత్తి పట్టుకుని వస్తే, చేపలు ఎండుతున్నాయి రేపు చూద్దామంది. మర్నాడు కత్తికి పదును లేదంది. ఎండ వాలే వేళకు గేటు పక్కన పీట వేసుకుని, టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పేరు వెలిగేది. ఆమె చెప్పుకుంటూ పోయేది: లారీవాడి మోసం, కప్పు కారడం, ఒవీతీ విరగ్గొట్టిన ఫోన్లు. జవాబు వచ్చేది కాదు. చేపలూ తడి తాడూ కలిసిన వాసన మాత్రం వచ్చేది. తెర మీద సన్నటి చెమ్మ పట్టేది. తుడిస్తే మళ్లీ పట్టేది. ఒకసారి ఆ చెమ్మలో, ఆమె ముట్టుకోని చోట, వేలితో రాసినట్టు ఒక చార కనిపించింది. ఆమె దాన్ని తుడవలేదు.

భయం వేయలేదా అంటే, వేసింది. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. అయినా లేవాలనిపించేది కాదు. కంచె కోస్తే అతను లోపలికి వస్తాడు, వచ్చి తన మట్టిలోకి తాను దిగిపోతాడు. కోయకపోతే రోజూ ఇలా వచ్చి నిలబడతాడు. పోగొట్టుకున్న మనిషి గేటు దాకా వస్తుంటే దారి చేసి మరీ ఎవరు పంపుకుంటారు?

“నీ చేపలు పురుగు పడుతున్నాయి,” అంది అత్త ఒకరోజు, వెనక నిలబడి. “వాణ్ణి కుక్కను కట్టేసినట్టు గుమ్మంలో కట్టేశావు.”

“మీ కొడుకే కదా అత్తమ్మా. మీకు మాత్రం చూడాలని లేదా?”

“నేను చూడటం లేదనుకున్నావా? రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. పొద్దస్తమానం నీళ్లలో నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. కాళ్లు పీక్కుపోతున్నాయి వాడికి.” ఆవిడ నిజంగా ఏం చూస్తోందో అవుయోర్ అడగలేకపోయింది. “కత్తి నేను పట్టగలను. కానీ పిలవాల్సింది నువ్వు.”

ఆ తరువాత నుంచి గీతలు తగ్గసాగాయి. నిండుగా ఉన్నవి కాస్తా వెలిసిపోయాయి. పేరు ఆలస్యంగా వచ్చేది, తొందరగా పోయేది. ఒకరోజు వచ్చి, ఆరి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆరింది. చేతిలో టాబ్లెట్ ఇప్పుడు చల్లగా కూడా లేదు, మామూలుగా ఉంది. ఒవీతీ చూసి తల గోక్కున్నాడు.

“చార్జింగ్ అయిపోతున్న ఫోన్ ఇలాగే చేస్తుంది వదినా. అది ఫోనేనో కాదో నాకు తెలియదు. కానీ ఆరిపోయాక మళ్లీ వెతికిపెట్టమంటే నా వల్ల కాదు. అప్పుడు వాడు గేటులో ఉన్నాడో, నీళ్లలో ఉన్నాడో, ఎక్కడా లేడో, ఎవరూ చెప్పలేరు.”

ఆ మాట ఆమెను పీట మీంచి లేపింది. మళ్లీ ఎక్కడున్నాడో తెలియకుండా పోవడం. అదొక్కటే ఆమె ఇంకోసారి పడలేనిది.

కత్తి ఆమే తీసుకుంది. దిబ్బకు సూటిగా ఉన్న చోట కంచె మీద వేటు వేసింది. జెముడు కాడలు తెగి, పాలు చిమ్మాయి. కళ్లలో పడితే చూపు పోతుందని ఒవీతీ అరిచాడు. ఆమె తల పక్కకు తిప్పుకుని నరుకుతూనే ఉంది. మనిషి పట్టేంత సందు అయ్యాక, కత్తి పడేసి, టాబ్లెట్ అందుకుని గేటు దగ్గరికి వెళ్లింది. పేరు ఉంది, ఒక్క గీతతో.

“ఒగాలా, ఇటు,” అంది. “ఇటు దారి చేశాను. నా వెంట రా.”

కంచె బయటి వైపు నుంచి నడిచింది. ఇదివరకు రెండడుగులకే పడిపోయిన గీత ఈసారి పడిపోలేదు. ఆమెతోపాటే వచ్చింది. వెనక్కి చూడలేదు. ఎండుటాకుల మీద తన అడుగుల చప్పుడు, దాని వెంట ఒక అర క్షణం ఆలస్యంగా మరో చప్పుడు, తడి గుడ్డ నేల మీద ఈడ్చినట్టు. సందులోంచి ఒంగి లోపలికి వచ్చింది. తెగిన కాడ ఒకటి ఆమె దాటాక ఊగి, ఆగి, మళ్లీ ఊగింది. ఒవీతీ గోడకు అతుక్కుపోయాడు. అత్త నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ ఊగిన కాడ వెనక్కే చూస్తోంది.

దిబ్బ దగ్గరికి వచ్చేసరికి గీతలు మొత్తం నిండాయి, తొలిరోజులా. చేతిలో టాబ్లెట్ మంచులా మారింది. ఆమె ఎదురుగా గాలి బరువుగా ఉంది, ఒక మనిషి అంత వెడల్పున. ఏదో చెప్పాలనుకుంది. ఇన్నాళ్లు గేటులో చెప్పిన కబుర్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఆ రోజు వీపు తిప్పి ఉన్నాను,” అంది చివరికి. “ఇప్పుడు చూస్తున్నాను. వెళ్లు.”

పేరు వెంటనే పోలేదు. ఒక్కొక్క గీతే, తీరుబడిగా, మెట్లు దిగుతున్నట్టు తగ్గింది. చివరి గీత చాలాసేపు నిలిచింది. ఆమె రెప్ప వేయలేదు. తరువాత అక్కడ ఒవీతీ కొట్టు పేరు మాత్రమే ఉంది. ఆగిపోయి ఉన్న కబుర్లన్నీ ఒకదాని వెంట ఒకటి టింగు టింగుమంటూ రాలసాగాయి. ఆమె అరచేత్తో తెర మూసింది. అప్పుడు ఏడ్చింది, కడుపులోంచి, ఇన్నాళ్లకు. అత్త కూడా కలిసింది.

“సందు ఇప్పుడే మూయాలి,” అంది అత్త, ముఖం తుడుచుకుని. “పొద్దు గుంకే లోపల. లేకపోతే వచ్చినవాడు ఇటే పోతాడు.”

ఒవీతీ కాడలు అందిస్తుంటే అవుయోర్ ఒక్కొక్కటే మట్టిలో గుచ్చి, పాదంతో తొక్కి బిగించింది. వేళ్లు జెముడు పాలతో అంటుకుపోయాయి. పూర్తయిందని లేచింది. కాడల మధ్య ఒకచోట చెయ్యి పట్టేంత సందు మిగిలి ఉంది. అది చూడనట్టే ఆమె ఇంటి వైపు తిరిగింది.

అత్త చూసింది. కింద పడి ఉన్న చివరి కాడను ఏరి తెచ్చి కోడలి చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది. అవతల సరస్సు మీద దీపాలు కట్టిన పడవలు వేటకు కదులుతున్నాయి.

అవుయోర్ ఒంగి, దాన్ని కూడా గుచ్చింది.