జానెడు ఖాళీ

టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేకపోతే డిజైనరమ్మ దాన్ని కాలి బొటనవేలి కింద నొక్కిపెట్టి, డబ్బా ఉన్న చేతిని కిటికీ గట్టుదాకా పైకి లాగేది. ఆ ఉదయమూ అలాగే కొలుస్తోంది. నాలుగడుగుల దూరంలో వడ్రంగి మేస్త్రి చెక్క చట్రానికి మేకులు కొడుతున్నాడు. పిలిస్తే వచ్చి పట్టుకుంటాడు. కానీ ఇన్నేళ్ళుగా ఒక్కతే కొలుచుకున్న మనిషికి పిలవాలని తోచదు.

ఆమె పొట్టి మనిషి. నెరిసిన జుట్టును ముడి చుట్టి, ఆ ముడిలో పెన్సిలు గుచ్చుకునేది. పని హడావుడిలో దాన్ని మరిచిపోయి ఇంకో పెన్సిలు కోసం వెతుక్కునేది. పొడుగు చొక్కాకు రెండు పెద్ద జేబులు. ఒకదాంట్లో రంగుల నమూనా ముక్కలు, రెండోదాంట్లో సుద్దముక్క, నడుంనొప్పి మాత్రలు. వంగి లేచినప్పుడల్లా మోకాళ్ళు కిర్రుమనేవి. "తలుపు బందులకి నూనె వేసేటప్పుడు మీక్కూడా రెండు చుక్కలు వేస్తానమ్మా," అనేవాడు మేస్త్రి. ఆ మాట ప్రతి ఇంట్లోనూ అనేవాడు, ప్రతి ఇంట్లోనూ ఆమె నవ్వేది.

ఇళ్ళకు లోపలి హంగులు అమర్చే చిన్న కంపెనీలో ఆమె పాతకాపు. తన తర్వాత చేరినవాళ్ళు సొంత ఆఫీసులు పెట్టుకున్నారు, పేర్లు తెచ్చుకున్నారు. ఆమె చేసిన ఇల్లు ఒక్కటీ పత్రికల్లో రాలేదు. అవి ఫోటోలో ఆనవు. ఎడమచేతివాటం మనిషి వంటింట్లో అరలన్నీ ఎడమకు వచ్చాయని, రాత్రి డ్యూటీ చేసే నర్సు పడకగదికి మధ్యాహ్నపు ఎండ తగలదని ఫోటోకు ఏం తెలుస్తుంది? అందుకే కంపెనీ ఓనరు పెద్ద బంగళాలు వేరేవాళ్ళకిచ్చి, ఇలాంటి చిక్కు ఇళ్ళు ఆమెకు అప్పగించేవాడు.

ఇది నిజంగానే చిక్కు ఇల్లు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, మొగుడూ పెళ్ళాం. ఇద్దరూ ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్ళు. పిల్లల్లేరు. కలిసి బతకలేమని తేల్చుకున్నారు. విడిగా పోవడానికి ఇద్దరికీ ఓపిక లేదు. అందుకని హాలును నిలువునా చీలుస్తూ చెక్క గోడ పెట్టించుకుంటున్నారు. ఇంటాయన అటు, ఇల్లాలు ఇటు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పెళ్ళయిన పాతికేళ్ళకు అదే ఇంటిని రెండు చేసి చూడమని చెప్పలేదు.

తగాదా ఎందుకొచ్చిందని డిజైనరమ్మ అడగలేదు. అయినా చెప్పారు, ఎవరికి వాళ్ళు. ఇల్లాలి తమ్ముడు ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంటే ఆయన వచ్చి పక్కన కూర్చోలేదని ఆవిడ. ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి, లోపలికి అడుగు పడక కింద బెంచీ మీదే కూర్చుండిపోయాననీ, ఆ సంగతి అడిగినవాళ్ళే లేరనీ ఆయన. ఆ రోజు మొదలుకొని మాటలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఉప్పు, పప్పుల దగ్గర కూడా ఆగిపోయాయి. ఇప్పుడు ఏం కావాలన్నా డిజైనరమ్మతో చెప్పిస్తున్నారు. గోడ ఇంకా లేవకముందే ఆమె ఇద్దరి మధ్యా కిటికీ అయింది.

అసలు కిటికీ హాల్లో ఒక్కటే. అది ఎవరి వాటాకు రావాలన్నది పెద్ద పేచీ అవుతుందని ఆమె భయపడింది. ఇంటాయన దాని మాటే ఎత్తలేదు. తన రేడియోలు విప్పుకునే బల్లకు ఒక మంచి దీపం ఉంటే చాలన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే. గోడ మధ్యలో శబ్దం ఆపే దూది పలకలు పెట్టాలి, ఈ చివర గావుకేక పెట్టినా ఆ చివర వినపడకూడదు. "నాకు రాత్రంతా దగ్గు. ఆవిడకి నిద్ర పలచన," అన్నాడు, పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు.

పలకలు వచ్చాయి. మేస్త్రి వాటిని విప్పి గోడకు చేరగిలేశాడు. అప్పుడు ఇల్లాలు వంటింట్లోంచి డిజైనరమ్మను సైగ చేసి పిలిచింది. పొయ్యి ముందు నిలబడి, గిన్నె మీద మూత తీసి పెడుతూ, మళ్ళీ తీసి పెడుతూ, అవేమిటని అడిగింది. ఇవీ అని చెబితే గిన్నెలోకే చూస్తూ అంది.

"అవి పెట్టకండి. ఆయన దగ్గితే నాకు వినపడాలి."

డిజైనరమ్మ హాల్లోని పలకల వైపు తిరిగి చూసింది.

"దగ్గు ఆగిపోతే లేచి చూస్తాను," అంది ఇల్లాలు. "ఇన్నాళ్ళూ అంతే. ఇది ఆయనకి చెప్పకండి. చెబితే పలకలు ఇంకో వరస పెట్టిస్తారు."

గోడలకు చెవులుంటాయంటారు. కావాలని గోడకు చెవులు పెట్టమన్న మనిషిని ఆమె మొదటిసారి చూసింది. వినపడకూడదని ఒకరు, వినపడాలని ఒకరు. ఏది చేసినా ఒకరికి ద్రోహమే. మేస్త్రిని భోజనానికి పంపి, మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోను చేసింది.

అక్క ఆమెకంటే చాలా పెద్దది. తల్లి పోయాక జుట్టు దువ్వి బడికి పంపిందీ, బట్టలు కుట్టి చదివించిందీ అక్కే. చెల్లెలికి ఉద్యోగం వచ్చిన ఏడాదే నీటికాసుల జబ్బుతో అక్కకు చూపు తగ్గడం మొదలైంది. ముందు సూదిబెజ్జం పోయింది, తర్వాత మెట్లు పోయాయి, చివరకు చెల్లెలి ముఖం. అప్పట్నించీ ఆ రెండు గదుల ఇంట్లో ఏ వస్తువూ అంగుళం కదలలేదు. కుర్చీ నుంచి కుండకు ఎన్ని అడుగులో, కుండ నుంచి మంచానికి ఎటు తిరగాలో అక్క కాళ్ళకు తెలుసు. ఊళ్ళో వాళ్ళ సోఫాలను ఆ మూల నుంచి ఈ మూలకు జరిపించి బతికే మనిషి, తన ఇంట్లో పీట కూడా జరపదు.

ఒకసారి, వయసులో ఉన్నప్పుడు, పాలరాయి వ్యాపారం చేసే ఒకాయన ఆమెను ఇష్టపడ్డాడు. నెమ్మదస్తుడు. మాట్లాడదామని ఇంటికొచ్చాడు. ఆమెకు దగ్గరగా కూర్చోవాలని స్టూలు కాస్త ముందుకు లాక్కున్నాడు. అతను వెళ్ళాక ఆమె సంతోషంలో ఉండి ఆ స్టూలు వెనక్కి పెట్టడం మరిచిపోయింది. అక్క దాని మీద పడి కనుబొమ చీల్చుకుంది. రక్తం కారుతున్నా అక్క అడిగింది ఒకటే. "అబ్బాయి ఎలా ఉన్నాడు, పొడుగా?" ఆమె పొడుగేనంది. తర్వాత అతను రెండుసార్లు కబురు పెట్టినా ఏదో పనుందని చెప్పించింది. అక్కచెల్లెళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ప్రతి సాయంత్రం ఆమె అక్కకు ఆ రోజు చేసిన ఇల్లు చూపించేది. అది వాళ్ళిద్దరూ అనుకునే మాట, చూపించడం. గుమ్మంలోంచి మొదలుపెట్టి గది గదీ తిప్పేది. అక్క మధ్యలో ఆపి, ఆ అల్మరా తలుపు తెరిస్తే మంచానికి తగలదూ అని అడిగేది. తగిలేది. మర్నాడు వెళ్ళి తలుపు మార్పించేది. రంగు చెప్పడమే కష్టం. పాలలో ఒక చుక్క కాఫీ పడితే ఎలా ఉంటుందో అలా అని చెబితే అక్క కాసేపు ఆగి, ఆ, తెలిసింది, పద అనేది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో అక్క ఆలోచన ఉందో వాటిలో ఉంటున్నవాళ్ళకు తెలియదు.

ఫోను ఎత్తగానే అక్క తిన్నావా అని అడిగింది. తినలేదని చెప్పి, కథంతా క్లుప్తంగా చెప్పింది.

"పాపం పిచ్చివాళ్ళు," అంది అక్క.

"నన్నేం చెయ్యమంటావు? ఎవరికి అబద్ధం చెప్పను?"

"ఎవరికీ వద్దు. ఆయన పెట్టమన్నవి గోడలో పెట్టు. గోడ కప్పుదాకా పోవాలని ఎవరన్నారే బుడ్డీ? పైన జానెడు వదిలెయ్యి."

డిజైనరమ్మకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో తనకు తోచనిది, కుర్చీలో కూర్చున్న మనిషికి చిటికెలో తోచింది. గోడ ఏ రంగు అని అడిగింది అక్క. ఇంకా అనుకోలేదంది.

"సరే, ఇంటికొచ్చి చూపించు. ఫోన్లో ఇల్లు సరిగ్గా కనపడదు. నా ఎడమ చెయ్యి ఎందుకో తిమ్మిరెక్కింది, కాసేపు ఒరుగుతా."

"ఆ చేతి మీద పడుకోకు," అంది చెల్లెలు. ఫోను పెట్టేసింది.

మేస్త్రి తిరిగొచ్చాక గోడ చెక్కలు పైన జానెడు తక్కువకు కోయమంటే తల గోక్కున్నాడు. కొలిచి తెప్పించిన చెక్క పాడవుతుందని గొణిగాడు. మొత్తానికి కోశాడు. మధ్యాహ్నమంతా రంపపు పొట్టు కిటికీ వెలుగులో తేలుతూనే ఉంది. దూది పలకలు వరసగా లోపలికి వెళ్ళాయి. ఆఖరి చెక్క బిగించేసరికి ఎండ వాలింది.

ఇంటాయన తన వాటాలోకి వచ్చి నిలబడ్డాడు. గోడను వేళ్ళతో తట్టి చూశాడు. తల పైకెత్తాడు.

"పైన మూయలేదేం?"

"గాలి ఆడాలండి. మీవైపు కిటికీ లేదు కదా."

అది అబద్ధం కాదు. ఆయన ఆ సందు వైపే చూస్తూ ఉండిపోయాడు. మూయించమంటాడేమో అనుకుంది ఆమె. ఆయన గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నా బల్ల దగ్గర దీపం వేస్తే ఆ వెలుగు అటు పడుతుందా?"

"పడుతుందండి."

"అయితే ఉండనివ్వండి. ఆవిడకి చీకటంటే భయం. చెప్పుకోదు."

గోడకు అవతల గిన్నెల చప్పుడు ఒక్కసారి ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది. మేస్త్రి రంపం సంచిలో పెట్టుకుంటూ డిజైనరమ్మ వైపు చూశాడు. ఆమె అటు చూడకుండా, ముడిలో ఉన్న పెన్సిలు కోసం జేబులు తడుముకుంది.

బస్సులో నిలబడే వెళ్ళింది. దారంతా ఎలా చెప్పాలా అని వరస కట్టుకుంది. ముందు వంటిల్లు చూపించాలి, మూత తీసి పెట్టడం చూపించాలి. ఇంటాయన మాట ముందే చెప్పేయకూడదు, ఆఖర్న చెప్పాలి. రంగు కూడా దొరికింది. ఎండుగడ్డి మీద వాన పడి వెలిసిన రంగు. అక్క ఒప్పుకుంటుంది.

తాళం తీసి, చెప్పులు వాటి చోట విడిచి, సంచి దాని మేకుకు తగిలిస్తూ గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "అక్కా, నీ జానెడు గెలిచింది." అక్క కుర్చీలో కూర్చుని ఉంది. తల కాస్త పక్కకు వాలి ఉంది. వినేటప్పుడు అలాగే వాల్చేది. అందుకని ఆమె ముఖం కడుక్కుంటూ చెబుతూనే ఉంది. హాలు పొడవు చెప్పింది, కిటికీ ఎటుందో చెప్పింది. వంటింటికి వచ్చేసరికి అక్క అడగవలసిన మాట అడగలేదు. తువ్వాలు పట్టుకుని బయటికొచ్చింది. అక్క చెయ్యి పట్టుకుంది. కుర్చీ చెయ్యి ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది.

ఆమె అరవలేదు. పక్కింటి తలుపు కొట్టలేదు. స్టూలు అక్కకు దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఎక్కడ ఆపిందో గుర్తు తెచ్చుకుని, వంటింట్లోంచి మళ్ళీ మొదలుపెట్టింది. మూత సంగతి చెప్పింది. మేస్త్రి గొణుగుడు చెప్పింది. గోడ రంగు చెప్పి, అలవాటుగా కాసేపు ఆగింది. ఆఖరి మాట రెండుసార్లు మొదలుపెట్టి ఆపి, మూడోసారికి చెప్పేసింది.

"ఆవిడకి చీకటంటే భయమట అక్కా. ఆయనకి తెలుసు."

అప్పుడు లేచి పక్కింటికి వెళ్ళింది. డాక్టరు వచ్చి, గుండె అనీ, మధ్యాహ్నమే అయిపోయిందనీ, బాధ పడి ఉండరనీ చెప్పాడు. బంధువులు వచ్చారు. తలో చెయ్యి వేసి జరగవలసినవి జరిపించారు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి మంచం ఒక మూలకు, కుర్చీ ఒక మూలకు నెట్టేశారు. ఆమె అడ్డు చెప్పలేదు. మేస్త్రి వచ్చి గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, ఆ ఇంట్లో గోడ బాగా కుదిరిందనీ, ఇల్లాలు తన మాటగా పలకరించి రమ్మందనీ చెప్పి, ఇంకేమనాలో తెలియక వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఆమె ఇల్లు సర్దడానికి లేచింది. ఏది ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కుర్చీ కిటికీ దగ్గర వేసి చూసింది, బాగానే ఉంది. రెండడుగులు వేయగానే పీట తగిలి తూలింది. కళ్ళున్న మనిషి, తన ఇంట్లో తాను తడుముకుంటూ గోడ పట్టుకుని నిలబడింది. అక్క పోయాక అదే మొదటిసారి ఏడవడం. చాలాసేపు ఏడ్చింది.

తర్వాత మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. గట్టు మీద, గోడవారగా, ఎవరూ కదపని చోట ఒక గిన్నె బోర్లించి ఉంది. ఎత్తింది. కింద పళ్ళెంలో సగం కమలాపండు, అక్క తను తినగా చెల్లెలికని ఉంచిన సగం. తొనలు అంచుల్లో ఎండి ముడుచుకుపోయాయి. ఒక్కో తొన వీపు మీద గోటితో చీల్చిన సన్నని గీత ఉంది. గింజలన్నీ తీసేసి ఉన్నాయి.