పక్కటెముకకు ముందు పేజీ

మా ఆయన పోయిన మూడో నెలలో, కుట్టుదుకాణంలో కత్తెర ఎవరు పట్టాలన్న మాట వచ్చింది. మిషన్ల మీద ఎంతమంది ఉన్నా, కోటు గుడ్డ కత్తిరించే చెయ్యి ఒక్కటే ఉండాలి. మా అమ్మాయికి ఆ పని వాళ్ల నాన్నే నేర్పాడు. మరిది మాత్రం ససేమిరా అన్నాడు. బయటి నుంచి కటింగ్ మాస్టర్ని తెస్తానన్నాడు.

"పిల్ల మీద నాకు కోపమేం లేదు వదినా. దేవుడు మొదటి ఆడమనిషిని మగవాడి పక్కటెముకతో చేశాడు. తోడుగా ఉండమన్నాడు, ముందు నిలబడమనలేదు. కాజాలు కుట్టుకోమను, ఎవరొద్దన్నారు?"

అమ్మాయి గుండీలు ఏరుతూ తలెత్తలేదు. "ఎముక తీసేటప్పుడు ఆ మగవాడు నిద్రపోతున్నాడు కదా చిన్నాన్నా. లేచేసరికి పనంతా అయిపోయింది. దానికే ఇంత పెత్తనమా?"

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"నోరు చూడు దీనికి," అన్నాడు మరిది. అతనికీ నవ్వాగలేదు.

నేను సంచిలోంచి బైబిలు తీశాను. నిరుడే అక్షరాలు నేర్చుకున్నదాన్ని, పేజీలు దాటేయడం నాకు చేతకాదు. మొదటి మాట నుంచి వేలు పెట్టుకుంటూ వస్తున్నాను. మరిదికి పక్కటెముక ఉన్నచోటే తెరవడం చిన్నప్పటి అలవాటు.

"దానికి ముందు పేజీ చదివావా?"

"చదివే ఉంటాను."

"అయితే విను."

కూడబలుక్కుంటూ చదివాను. ఆరో రోజున దేవుడు తన పోలికలోనే మగవాణ్ణీ ఆడమనిషినీ చేశాడని, భూమిని ఇద్దరికీ అప్పగించాడని ఉంది. ఎముక ఊసే లేదు. మిషన్లు ఆగాయి. నేను ఎక్కడ తడుముకున్నా ఎవరూ మాట అందించలేదు.

మరిది కళ్లజోడు పెట్టుకుని తనే మళ్లీ చదివాడు.

"ఇది క్లుప్తంగా చెప్పింది వదినా. వివరం తర్వాతి పేజీలో ఉంది."

"వివరం చెప్పేటప్పుడు, ముందు చెప్పింది కొట్టేస్తారా?"

  అతను గ్రంథం అంచు వేలితో నిమిరి, "అన్నయ్య ఉంటే పని చెడగొడుతున్నామని మనందరికీ చీవాట్లు పెట్టేవాడు," అన్నాడు.

లేచి, రేపటికి ఇవ్వాల్సిన కోటు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు.

"వంకర పోయిందో, ఆ రెండు పేజీలూ నీతో బట్టీ పట్టిస్తాను," అన్నాడు అమ్మాయితో.

అమ్మాయి వాళ్ల నాన్న కత్తెర అందుకుంది. గుడ్డ కదలకుండా మరిది అవతలి కొస పట్టుకుని నిలబడ్డాడు.