దడి దాటిన ఆనపపాదు

ఆనకట్ట కట్టి కాలవలకు నీళ్లు వదిలిన కొత్తలో, కొవ్వూరు రేవుకు దిగువన పోతురాజని చేపలు పట్టేవాడు ఉండేవాడు. అతను వల విసిరితే లోపల చోటు కోసం చేపలే కొట్టుకునేవట. నేను అందులో సగమే నమ్ముతాను.

ఆ ఏడు తొలకరికి ఆనపగింజ నాటిన అతని పెళ్లాం తలుపులమ్మ, శ్రావణం రాకుండానే వాంతి జాడ్యంతో పోయింది. పిల్లల్లేరు. పెరట్లో ఆ పాదొక్కటే మిగిలింది. ఏనాడూ దానివైపు చూడని పోతురాజు, పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి చేపలు కడిగిన నీళ్లు తెచ్చి మొదట్లో పోయసాగాడు. పోస్తున్నంతసేపే అతని గుండె తేలికపడేది. ఆ నీచునీళ్లకు తీగ ఎంత జోరుగా సాగిందంటే, దానిమీద వాలిన కొంగ రెక్క ఆడించకుండానే ఇంటికప్పు ఎక్కేసిందట!

ఎవరి కప్పు? దడి అవతల అబ్బులుది. అబ్బులు పెళ్లాం పాపాయికీ తలుపులమ్మకీ ప్రాణస్నేహం. నీళ్లు ఇతనివి, పులుసు వాళ్లది.

పోతురాజుకు కుళ్లు పుట్టింది. బతికుండగా తలుపులమ్మకి పొద్దస్తమానం ఆ దడి దగ్గరే కబుర్లు. పోయాక కూడా అక్కడికేనా? రోజూ తీగ కొసలు లాగి తనవైపు తిప్పేవాడు. అవి విరిగి ఎండిపోయేవి.

ఒక కాయకు పాపాయి సున్నపుబొట్టు పెట్టింది. అంటే అది విత్తనానికి వదిలిన కాయ, ఎవరూ కొయ్యకూడదు. ఆ గింజలు చేతికి రాకపోతే మరుసటేడు తలుపులమ్మ పాదన్నదే ఉండదు. పోతురాజు ఉండబట్టలేక దడి దగ్గరికి వెళ్లాడు.

"ఏమ్మా పాపాయీ, మా ఆవిడ కాయకి బొట్టెట్టడానికి నువ్వెవరు?"

అబ్బులు అందుకున్నాడు. "కాయకి కాపలా ఏంటి బావా! అక్క బతికున్నప్పుడు ఇంత కాపలా కాశావా?"

"నోర్ముయ్! నా పెళ్లాం పాదు నా కప్పొదిలి మీ కప్పెందుకెక్కిందో చెప్పు. ఏం మందెట్టారు దానికి?"

పాపాయి నవ్వలేదు. "మందేంటి అన్నయ్యా! కప్పుమీద ఆరేసిన వలని తీగ పట్టేసుకుందని నిరుడు కత్తితో తెగ్గోసి, వదిన్ని నానా మాటలూ అన్లేదా నువ్వు? అందుకే ఈ ఏడు మొలకప్పుడే దడికి పుల్ల కట్టి, కొస మావైపు తిప్పేసింది. 'మీ అన్నయ్య వలకి అడ్డు రాకూడదే' అంది."

ఆ సాయంత్రమే పోతురాజు కప్పుమీంచి వలలన్నీ దింపి, ఏటి ఒడ్డున వాసాలు పాతి వాటిమీద ఆరేశాడు. కాయ ఎండేదాకా ఏదో వంకన పాపాయి గుమ్మంలో కూర్చుని దాన్నే చూసేవాడు. చివరికి గింజలు గలగల్లాడే ఆ కాయ ఆమే తెచ్చి చేతిలో పెట్టింది.

మరుసటేడు తీగ అతని కప్పంతా కమ్మేసింది. పడవలవాళ్లు అదేదో కొత్త లంక అనుకుని లంగరు వెయ్యబోయారట.

ఇప్పుడు కుళ్లు అబ్బులుది. "బావా, ఒక్క కొస ఇటు వదలరాదూ? మా కప్పు బోసిపోయింది."

"నా పెళ్లాం ఇన్నాళ్లకి ఇంటికొచ్చింది. పంపనంటే పంపను!"

కాయలు మాత్రం పంపేవాడు. అవీ పాపాయి చేతికే. అబ్బులు చెయ్యి చాపితే వెనక్కి తీసుకునేవాడు.