తప్పు మోటారుదే

మోటారును తిట్టినన్ని తిట్లు ఉదయ్ కుమార్ తన జన్మలో ఇంకెవర్నీ తిట్టి ఉండడు. ఆదివారం పొద్దున్నే, చీరాల నుంచి వాడరేవు పోయే రోడ్డు మీద, ఎదురుగాలికి నడుం వంచి బ్యాటరీ సైకిలు తొక్కుతూ తిడుతున్నాడు.

"నీ దుంపతెగ! తొయ్యవే! ఇందుకా నిన్ను కొంది?"

పక్కనుంచి పోతున్న ఆటోలోని ఆడవాళ్లు తమనే అన్నాడనుకుని తలలు బయటపెట్టి చూశారు. అతనికి అదేం పట్టలేదు. చూపంతా ముందు పోతున్న సైకిళ్ల మీదే ఉంది. ప్రతి ఆదివారం కలిసి తొక్కే బ్యాచ్ అది. డాక్టర్లూ, లెక్చరర్లూ, అతనిలాగే చీరల కొట్లు పెట్టుకున్నవాళ్లూ. వాళ్లలో సగం మందికి బొజ్జలున్నాయి, ఒక్కడి సైకిలుకీ మోటారు లేదు. అయినా వాళ్ల రంగురంగుల చొక్కాలు చూస్తూండగానే చిన్నవైపోయి మలుపు దగ్గర కనపడకుండా పోయాయి.

పోనీ ఎత్తు ఎక్కాల్సొచ్చింది అందామా అంటే, సముద్రం దాకా అరుగు అలికినట్టు చదునుగా ఉండే నేల. మోటారు సాయమేమో ఆఖరి మెట్టులో పెట్టి ఉంది, దాని మీద ఇంకో మెట్టు లేదు. ఎడమ కాలితో తొక్కినప్పుడు బండి ఒక తోపు తోస్తుంది. కుడి కాలి వంతు రాగానే చేతులెత్తేస్తుంది. మళ్లీ ఎడమ కాలికి తోపు, మళ్లీ కుడి కాలికి ఏమీ లేదు. సన్నగా, తేలిగ్గా, చూడ్డానికి ముచ్చటగా ఉండే రోడ్డు సైకిలు. దాని కోసం పాత బ్యాటరీ బండిని అమ్మేసుకున్నాడు.

ఆ పాతదే ఇప్పుడు బెల్లు కొట్టుకుంటూ వెనకనుంచి వచ్చింది. దాని మీద పీరు ఉన్నాడు. వాడరేవులో చేపలు కొనుక్కొచ్చి చీరాల వీధుల్లో అమ్ముకుంటాడు. వెనక ఖాళీ ఐసు పెట్టె కట్టుకుని, పెడళ్ల మీద కాళ్లు ఊరికే అలా తిప్పుతూ పక్కకొచ్చాడు.

"ఏందన్నా, కొత్త బండికి జొరమొచ్చిందా?"

"మోటారు వేస్ట్ రా పీరూ. నిలువునా ముంచారు నన్ను."

"నీ పాతది చూడు, గుర్రమే అనుకో! కాలు ఆడిస్తే చాలు, అదే పోద్ది. దీన్నెందుకు అమ్ముకున్నావన్నా?"

ఉదయ్ జవాబు చెప్పేలోపే పీరు నవ్వుకుంటూ ముందుకెళ్లిపోయాడు. చేపల పెట్టె కట్టిన మొద్దు బండి తనని దాటిపోయింది. ఉదయ్ సైకిలు దిగి రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు.

ఇంతోటి మోటారు కోసం ఇంత ఏడుపా అని మీకనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఉదయ్ వాళ్ల బాబాయి సంగతి తెలిస్తే అలా అనరు.

బాబాయి పేరు భావనారాయణ. ఉదయ్ తండ్రి మార్కండేయులుకి సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ ఒకే వసారాలో, పక్కపక్కన గుంట మగ్గాల మీద నేసేవాళ్లు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కాలి. అప్పుడే నిలువుగా ఉన్న పడుగు పోగులు విడిపోయి, అడ్డపోగు మోసుకెళ్లే నాడెకు దారిస్తాయి. ఒకనాడు బాబాయి, కుడివైపు చెక్క బరువెక్కిందని విసుక్కున్నాడు. వడ్రంగిని పిలిచి చెక్క మార్పించాడు. తాళ్లు మార్పించాడు. మళ్లీ చెక్క మార్పించాడు. మగ్గాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరికి ఒకరోజు మార్కండేయులుకి ఒళ్లు మండి, ఇంటిల్లిపాదీ వింటూండగా, "తప్పు మగ్గానిది కాదురా, నీ కాలిది!" అని అరిచాడు. బాబాయి చేతుల మీద బరువు మోపి గుంటలోంచి పైకొచ్చి లోపలికెళ్లిపోయాడు. మళ్లీ ఆ మగ్గం ముఖం చూడలేదు.

కుడి కాలు పోయింది. తర్వాత ఎడమ కాలు, ఆ తర్వాత చేతులు, ఆఖరికి మింగుడు కూడా పడలేదు. ఇది నరాల జబ్బు, కొన్ని ఇళ్లలో రక్తంలోనే వస్తుంది, మందు లేదు అని డాక్టరు తేల్చేశాడు. చెంచమ్మ పిన్ని బాబాయి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో జావ పోయడం ఉదయ్ చిన్నతనమంతా చూశాడు. గుటక పడేదాకా పిన్నితోపాటు తనూ ఊపిరి బిగబట్టేవాడు.

అదండీ సంగతి. మోటారు పాడైందని తేలితే ఉదయ్ బతికిపోయినట్టే. పాడవలేదని తేలితే ఏమిటన్నది మాత్రం అతను మనసులో కూడా అనుకోడు.

మర్నాడు సైకిలును కారు వెనక కట్టుకుని, పర్చూరు మీదుగా గుంటూరు బయల్దేరాడు. దారి పొడవునా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి, కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. అతనికి ఒక్కటీ కంటికానలేదు. సైకిళ్ల షాపులో మోటార్ల పని చూసే అమ్మాయి పేరు మహిమ. చెప్పిందంతా ఓపిగ్గా విని, సైకిలెక్కి వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చింది.

"బాగానే ఉంది కదా సార్."

"ఏం బాగుందమ్మా! సగం చుట్టు తోస్తుంది, సగం చుట్టు చచ్చిపోతుంది. నా పాత బండికి ఈ రోగం లేదు."

"అది వేరే రకం సార్. పెడలు ఊరికే తిరిగినా చాలు, దాని మోటారు ఫుల్లుగా లాగేస్తుంది. ఇది అలా కాదు. కాలు ఎంత గట్టిగా నొక్కుతుందో చూసుకుని, దానికి తగ్గట్టే సాయం చేస్తుంది. మీరు ఎక్కువిస్తే ఎక్కువిస్తుంది, మీరేమీ ఇవ్వకపోతే అదీ ఏమీ ఇవ్వదు."

ఆమె సైకిలును స్టాండుకి బిగించి, దానికి వైరు తగిలించి, అతన్ని ఎక్కి తొక్కమంది. కంప్యూటర్ తెర మీద గీత కదలడం మొదలైంది. ఒక పొడుగు కొండ, ఒక పొట్టి గుట్ట. మళ్లీ ఎడమ కాలికి పొడుగు కొండ, కుడి కాలికి పొట్టి గుట్ట. ఉదయ్ పళ్లు బిగించి కుడి కాలితో ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. కాలర్ చెమటతో తడిసిపోయింది. గుట్ట గుట్టలాగే ఉంది.

మహిమ అమాయకంగా అడిగింది. "కుడి కాలికి ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా సార్?"

అంతే, అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా కాళ్ల గురించి నువ్వు నాకు చెబుతావా? ఈ కాళ్లతో ఒంగోలు దాకా తొక్కిన మనిషిని నేను! డొక్కు మోటారు అంటగట్టి, కాలిదంటావా తప్పు?" షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఉదయ్ గొంతు ఉన్నట్టుండి దిగిపోయింది. దాదాపు దణ్ణం పెట్టేశాడు. "తల్లీ, మోటారు మార్చమ్మా. ఒక్కసారి మార్చి చూడు. నీ పుణ్యముంటుంది."

ఆమె సైకిలుకి తగిలించిన వైరు తీసేసింది. "సరే సార్, గ్యారంటీలో ఉంది కదా, మార్చి పంపిస్తాం" అంది.

సైకిలు తిరిగొచ్చేదాకా ఉదయ్ మొక్కని దేవుడు లేడు. అందరికీ ఒకటే మొక్కు, మోటారు పాడైపోయి ఉండాలని. కొట్లో చీరలు మడతపెడుతూ కుడి కాలిని నేలకేసి నొక్కి చూసుకునేవాడు. ఒకరోజు బాగున్నట్టే అనిపించేది. ఆ రోజు భార్య అనూషకు జోకులు చెప్పేవాడు, రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. మర్నాడు మెట్టు తగిలి తూలేవాడు.

ఆ రోజుల్లోనే, ఇంటి గడప ఎక్కుతుంటే అతని కుడి కాలి చెప్పు జారి కింద పడింది. వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతున్న చెంచమ్మ పిన్ని చూసింది. రాట్నం ఆగిపోయింది. భావనారాయణకి కూడా మొదట చెప్పే జారేది.

"చెప్పు వదులైపోయింది పిన్నీ," అన్నాడు ఉదయ్ గబగబా.

ఆమె లేచొచ్చి, వంగి, చెప్పు తీసి అతని పాదానికి తొడిగింది. ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని కాసేపు వదల్లేదు. "వదులైతే కొత్తవి కొనుక్కో నాయనా," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఇక రాట్నం తిరగలేదు.

కొత్త మోటారుతో సైకిలు వచ్చిన సాయంత్రం, ఉదయ్ దాన్ని దించీ దించగానే ఎక్కాడు. వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. ఎడమ కాలికి తోపు. కుడి కాలికి ఏమీ లేదు. గడప ముందు సైకిలు ఆపి, హ్యాండిల్ మీద తల వాల్చేశాడు.

"ఇదీ డొక్కుదే అనూషా. ఇదీ డొక్కుదే ఇచ్చారు."

"ఉండండి, నన్ను చూడనివ్వండి," అంది అనూష. చదువుకునే రోజుల్లో కాలేజీకి సైకిలు మీదే వెళ్లిన మనిషి. సీటు కిందికి దింపించుకుని, చున్నీ నడుముకి బిగించి ఎక్కింది. రెండు తొక్కులు తొక్కిందో లేదో బండి దూసుకుపోయింది. వీధిలో పిల్లలు గోడకి అతుక్కుపోయారు. అటు చివరిదాకా వెళ్లి, మళ్లీ అదే ఊపున నవ్వుతూ వచ్చింది.

"అబ్బబ్బా! వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుందండీ! ఎంత బావుందో..."

అప్పుడు మొగుడి ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. బాబాయి కథ ఈ ఇంటికి కాపరానికొచ్చిన రోజునుంచీ ఆమె వింటూనే ఉంది.

"ఏవండీ," అంది. దిగి సైకిలును గోడకి ఆనించింది.

ఉదయ్ వసారాలోకి వెళ్లాడు. మార్కండేయులు టీ తాగడానికి లేచినట్టున్నాడు, మగ్గం ఖాళీగా ఉంది. సగం నేసిన చీర దాని మీదే ఉంది. పెళ్లికి ముందు ఇదే మగ్గం మీద ఉదయ్ రోజంతా నేసేవాడు. గోడ పట్టుకుని గుంటలోకి కాళ్లు దించాడు. దీనికి మోటారు లేదు, వైర్లు లేవు, ఏ షాపువాడూ దీన్ని అంటగట్టలేదు.

ఎడమ కాలితో తొక్కాడు. పడుగు నోరు తెరిచింది, తాడు లాగితే నాడె జుయ్యిమని అటుపక్కకు పోయింది. కుడి కాలితో తొక్కాడు. పోగులు సగమే విడివడ్డాయి. ఇంకా నొక్కాడు. తొడ వణికింది. రెండు చేతులూ మోకాలి మీద వేసి, దేవుడా దేవుడా అనుకుంటూ కిందికి తోశాడు. నాడె తాడు లాగాడు. నాడె నడిమధ్య పోగుల్లో ఇరుక్కుపోయింది, నాలుగైదు పోగులు పుటుక్కుమని తెగాయి.

తలెత్తి చూస్తే ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక చెంచమ్మ పిన్ని ఉంది. ఎంతసేపట్నుంచి చూస్తున్నారో తెలియదు. ఆ వసారాలోనే, సరిగ్గా అలాగే నిలబడి, ఒకప్పుడు మార్కండేయులు తమ్ముడి మీద అరిచాడు. తమ్ముడు పోయాక ఆ మాట తలుచుకుని ఆయన అన్నం ముందు కూర్చుని ఏడ్చిన రోజులు ఉన్నాయి.

ఇప్పుడాయన ఏమీ అరవలేదు. చేతిలోని టీ గ్లాసు కిటికీలో పెట్టి, మెల్లగా వచ్చి కొడుకు పక్కన కూర్చుని, తన కాళ్లు కూడా గుంటలోకి దించాడు. కొడుకు కుడి పాదం మీద తన పాదం వేసి నొక్కాడు. పడుగు నిండుగా తెరుచుకుంది. వంగి ఇరుక్కున్న నాడె తీశాడు.

"ఈ చెక్క బరువెక్కిందిరా," అన్నాడు. "నేనూ చూస్తూనే ఉన్నా. రేపు వడ్రంగిని పిలిచి మార్పిద్దాం."

ఉదయ్ తెగిన పోగుల్ని వేలితో తడిమాడు. "తప్పు మగ్గానిది కాదు నాన్నా."

"మగ్గానిదే," అన్నాడు మార్కండేయులు. పాదం మాత్రం తియ్యలేదు. "నేను చెబుతున్నాగా, మగ్గానిదేరా."